"బాగానే చదువుతున్నా సార్"

స్కాలర్‌షిప్ ఇచ్చే ఫౌండేషన్లలో మెంటర్‌గా పనిచేసేవాళ్లకు బాగా అలవాటైన సంభాషణ ఒకటుంది. నెలకోసారి ఫోన్ చేస్తారు. "ఎలా చదువుతున్నావమ్మా?" "బాగానే చదువుతున్నా సార్." "ఇబ్బందులేమైనా ఉన్నాయా?" "ఏం లేవు సార్." "సరే, బాగా చదువుకో మరి." రెండు నిమిషాల్లో మాట్లాడటం అయిపోతుంది. ఎక్సెల్ షీట్లో ఆ పేరు ఎదురుగా టిక్కు పడుతుంది. మూడు నెలలు తిరిగేసరికి సెమిస్టర్ ఫలితాలొస్తాయి. నాలుగు సబ్జెక్టులు పోయాయి. "ప్రతి నెలా బాగానే ఉందని చెప్పిందే!" అని ఆఫీసులో అందరూ ముఖాలు చూసుకుంటారు.

ఆ అమ్మాయి అబద్ధమాడిందా అంటే, ఆడింది. ఆమె చోట నేనున్నా అదే చెప్పేవాణ్ణి. ఫోన్లో ఉన్నది ఎవరు? తన ఫీజు కట్టే సంస్థ మనిషి. "రెండు సబ్జెక్టులు ముక్క అర్థం కావట్లేదు" అని ఆయనతో అంటే ఆ మాట ఎక్కడిదాకా పోతుందో తెలియదు. వచ్చే ఏడాది రెన్యువల్ ఆగిపోతుందేమో. నాన్నకు ఫోన్ చేసి చెప్తారేమో. ఇంత సాయం చేస్తుంటే చదివేది ఇలాగా అనుకుంటారేమో. ఇన్ని "ఏమో"ల మధ్య "బాగానే" అన్న ఒక్క మాటే క్షేమం.

పేద విద్యార్థికి డబ్బివ్వడం మనందరికీ అర్థమైన పని. డబ్బిచ్చాక వెంట ఒక మనిషి ఎందుకుండాలి, ఉంటే ఎలా ఉండాలి అన్నదే చిక్కు. డబ్బు ఇచ్చే చెయ్యి, క్షేమం అడిగే నోరు ఒకే సంస్థవి కావడంలోనే ఆ చిక్కుకు మొదలుంది.

కాగితం మీద కుదిరే లెక్క

తెలంగాణలో ఒక పల్లెటూరి బీసీ అమ్మాయి ఇంజనీరింగ్‌లో చేరిందనుకుందాం. ఎంసెట్‌లో (పేరు ఎన్నిసార్లు మారినా నాకీ అలవాటు పోలేదు) పదివేల లోపు ర్యాంకు వచ్చుంటే ఫీజు మొత్తం ప్రభుత్వమే రీయింబర్స్ చేస్తుంది. ఆ గీత దాటితే, కొన్ని మినహాయింపులు పోను, ఏడాదికి 35,000 రూపాయలే. కాలేజీ ఫీజు లక్ష అనుకుంటే మిగతా 65,000 ఇంటివాళ్లు చూసుకోవాలి. అందులో 50,000 ఒక ఫౌండేషన్ ఇస్తానంది. ఇక మిగిలింది పదిహేను వేలు. కూలికి పోయే ఇల్లయినా ఎలాగోలా సర్దుకుంటుందని దాత అనుకుంటాడు.

ఇప్పుడు ఈ లెక్కను క్యాలెండర్ పక్కన పెట్టి చూడండి. రీయింబర్స్‌మెంట్ సొమ్ము విడుదలయ్యేది ప్రభుత్వానికి వీలైనప్పుడు. కాలేజీ అడిగేది ఇవాళ. బకాయి ఉందని హాల్‌టికెట్ దగ్గరో, చివర్లో సర్టిఫికెట్ల దగ్గరో ఆపేస్తారు. ఫౌండేషన్ చెక్కు ఫస్ట్ సెమిస్టర్ మార్కుల మెమో చూశాక గానీ రాదు. మధ్యలో హాస్టల్ అడ్వాన్సు, మెస్ బిల్లు, బస్ పాస్, ల్యాబ్ రికార్డులు, డ్రాఫ్టర్, పరీక్ష ఫీజు. ఏదీ పెద్ద మొత్తం కాదు. కానీ పరీక్ష ఫీజు కట్టాల్సిన ఆఖరు రోజున చేతిలో పదిహేను వందలు లేకపోతే, ఏప్రిల్‌లో వచ్చే యాభై వేలు నవంబరులో ఆ పిల్లకు ఎందుకూ కొరగావు.

కాగితాల గొడవ వేరే. మీసేవలో తీసిన ఆదాయ ధ్రువపత్రం పాతదైపోయి ఉంటుంది. బ్యాంకు ఖాతాకు ఆధార్ సీడింగ్ (నంబరు జోడించడం) అయి ఉండదు, లేదా రెండేళ్లుగా వాడక ఖాతా నిద్రపోయి ఉంటుంది. మన ఇంటిపేర్ల తిప్పలు మరీను: టెన్త్ మెమోలో ఇంటిపేరు పొడి అక్షరంగా ముందుంటుంది, ఆధార్‌లో పూర్తిగా విడదీసి వెనకుంటుంది. ఇద్దరూ ఒకరేనని కంప్యూటర్‌ను ఒప్పించడానికి ఇంట్లో చదువుకున్న పెద్దవాళ్లున్నా నాలుగు రోజులు తిరగాలి. లేకపోతే ఆ తిరుగుడంతా పిల్లదే, క్లాసు మానుకునే. అలా మానుకుంటూ పోతే హాజరు 75 శాతం కన్నా తగ్గుతుంది. 65కి, 75కి మధ్య ఉంటే కండొనేషన్ ఫీజు, అంటే తగ్గిన హాజరును మన్నించడానికి కట్టే రుసుము. అంతకన్నా తగ్గితే డిటెయిన్, అంటే పరీక్షే రాయనివ్వరు.

ఇవన్నీ దాటుకుని క్లాసులో కూర్చుంటే లెక్చరర్ ఇంగ్లీషులో చెప్తున్నాడు. ఇంటర్ దాకా తెలుగు మీడియంలో లెక్కలు ఇష్టంగా చేసిన పిల్లకు ఎం-వన్‌లో (ఫస్టియర్ మ్యాథ్స్ పేపరు) లెక్క తెలుస్తూనే ఉంటుంది, ప్రశ్న తెలియదు. పక్కవాళ్లని అడగడానికి మొహమాటం. ఫస్ట్ మిడ్‌లో ఇరవైకి ఆరొస్తాయి. పదో తరగతిలో మండల ఫస్టు వచ్చిన పిల్లకు ఆ ఆరు ఎవరితోనూ చెప్పుకునే సంఖ్య కాదు.

ఇక్కడ కావాల్సింది ఇంకో యాభై వేలు కాదు. పరీక్ష ఫీజు ఆఖరు తేదీ ఎప్పుడో ముందే తెలిసిన మనిషి కావాలి, డిటెన్షన్‌కీ సప్లీకీ (పోయిన సబ్జెక్టు మళ్లీ రాసే సప్లిమెంటరీ పరీక్ష) తేడా చెప్పే మనిషి కావాలి, ఇరవైకి ఆరొచ్చినందుకు లోకం మునిగిపోదని తన అనుభవం మీద చెప్పగలిగినవాళ్లు కావాలి.

ఇది నా ఊహ మాత్రమే కాదు, పరీక్షించి చూసినవాళ్లున్నారు. న్యూయార్క్ సిటీ యూనివర్సిటీ తన కమ్యూనిటీ కాలేజీల్లో 2007లో ఏసాప్ అనే కార్యక్రమం మొదలుపెట్టింది. ఫీజు కొరత పూడ్చడంతోపాటు రవాణా కార్డు, పుస్తకాల ఖర్చు ఇచ్చారు. అన్నిటికన్నా ముఖ్యంగా, కొద్దిమంది విద్యార్థులకు ఒకరు చొప్పున సలహాదారును పెట్టి తరచూ కలవడం తప్పనిసరి చేశారు. ఎమ్‌డీఆర్‌సీ అనే పరిశోధనా సంస్థ లాటరీ పద్ధతిలో విద్యార్థులను రెండు గుంపులు చేసి పోల్చింది. మామూలు గుంపులో మూడేళ్లలో డిగ్రీ పూర్తి చేసినవాళ్లు 22 శాతం. ఏసాప్ గుంపులో 40 శాతం. టెక్సస్‌లోని ఫోర్ట్‌వర్త్‌లో ఒక క్యాథలిక్ సేవాసంస్థ ఇంకో అడుగు వేసి, కొందరు విద్యార్థులకు అవసరానికి వాడుకునే డబ్బు మాత్రమే ఇచ్చింది, మరికొందరికి డబ్బుతోపాటు వెంట ఉండి చూసుకునే ఒక కార్యకర్తను ఇచ్చింది. కార్యకర్త ఉన్నచోట, ముఖ్యంగా ఆడవాళ్లలో, ఫలితం స్పష్టంగా కనబడింది. డబ్బు మాత్రమే ఇచ్చినచోట చెప్పుకోదగ్గ తేడా రాలేదు.

నాయుడుగారు, కేలూస్కర్‌గారు

అమెరికా దాకా పోనక్కర్లేదు. ఒంగోలులో పూటకూళ్ల ఇల్లు నడుపుతూ పిల్లల్ని పెంచుతున్న ఒక తల్లి కొడుకు, నాటకాల మీద సరదా ఉన్న కుర్రాడు, చదువు ఏ మలుపులోనైనా ఆగిపోగలిగే స్థితిలో ఉన్నాడు. ఆ బళ్లో మాస్టారు ఇమ్మానేని హనుమంతరావు నాయుడుగారు రాజమండ్రికి మారుతూ ఆ కుర్రాణ్నీ వెంటబెట్టుకెళ్లారు. అక్కడ చదివించారు. ఆ కుర్రాడే టంగుటూరి ప్రకాశం. నాయుడుగారేమీ సంపన్నుడు కాదు. ఆయన ఇచ్చినదాంట్లో డబ్బు ఎంత, వెంట ఉండటం ఎంత అని విడదీయడం కష్టం.

అంబేడ్కర్ కథలో మాత్రం ఆ రెండూ విడివిడిగా కనిపిస్తాయి. అందుకే ఈ విషయం ఆలోచించే ప్రతివాళ్లూ దాన్ని కాస్త నిదానంగా చూడాలి. బొంబాయి చర్నీ రోడ్డు తోటలో సాయంత్రాలు కూర్చుని చదువుకునే పిల్లవాణ్ని కృష్ణాజీ అర్జున్ కేలూస్కర్ అనే ఉపాధ్యాయుడు గమనించారు, పలకరించారు, పుస్తకాలిచ్చారు. 1907లో ఆ కుర్రాడు మెట్రిక్ పాసైతే జరిగిన అభినందన సభలో తాను మరాఠీలో రాసిన బుద్ధుడి జీవితచరిత్ర బహూకరించారు. ఇంటర్ తర్వాత డబ్బుల్లేక చదువు ఆగిపోబోతే బరోడా మహారాజు శాయాజీరావు గైక్వాడ్‌కు పరిచయం చేసి నెలకు 25 రూపాయల స్కాలర్‌షిప్ ఇప్పించారు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే గైక్వాడ్ దాత, కేలూస్కర్ మెంటర్. కేలూస్కర్ చేతిలో ఖజానా లేదు. రెన్యువల్ చేసే అధికారమూ లేదు. కాబట్టి ఆయన దగ్గర ఏ విషయమూ దాచాల్సిన పని ఆ కుర్రాడికి ఉండి ఉండదు.

1913లో కొలంబియా యూనివర్సిటీకి పంపినప్పుడు ఇచ్చిన స్కాలర్‌షిప్ నెలకు పదకొండున్నర పౌన్లు, మూడేళ్లపాటు. దానికో షరతు: చదువయ్యాక పదేళ్లు బరోడా సంస్థానంలో కొలువు చేయాలి. ఆ షరతు మేరకు 1917లో అంబేడ్కర్ బరోడా వెళ్తే ఊళ్లో ఉండటానికి ఇల్లు దొరకలేదు. పార్శీ పేరుతో ఒక సత్రంలో తలదాచుకుంటే కర్రలతో వచ్చి వెళ్లగొట్టారు. ఆఫీసులో బంట్రోతులు ఫైళ్లు చేతికివ్వకుండా విసిరేవారు. కొద్ది రోజుల్లోనే బొంబాయి తిరిగొచ్చేశారు. డబ్బిచ్చిన మహారాజు మంచివాడే. చదువుకు సొమ్మిచ్చాడు. కానీ చదువు పూర్తయ్యాక ఆ మనిషి ఎక్కడ ఉంటాడు, ఎవరి మధ్య పనిచేస్తాడు అన్నది స్కాలర్‌షిప్ ఒప్పందంలో ఎక్కడా లేదు. నేటి ఫౌండేషన్ ఒప్పందాల్లోనూ ఉండదు.

తెలుగునాట వారాలు చేసుకుని చదువుకునే పద్ధతి ఒకటుండేది. సోమవారం ఒకరింట, మంగళవారం ఇంకొకరింట భోజనం. దాన్నిప్పుడు ముచ్చటగా తలుచుకునేవాళ్లున్నారు. నాకంత ముచ్చటేయదు. ఏడిళ్లలో ఏడు రకాల మొహాలు చూస్తూ తినాలి, ఏ ఇంట్లోనూ ఆకలి తీరలేదని అనకూడదు. పైగా ఆ గడపలన్నీ అన్ని కులాల పిల్లలకూ తెరిచినవి కావు. అయినా అందులో మెంటర్లకు పనికొచ్చే పాఠం ఒకటుంది: అన్నం పెట్టినవాళ్ల ముందు కుర్రాడు ఎలా మాట్లాడతాడో ఆ తరం వాళ్లకు బాగా తెలుసు. 1918లో హైదరాబాదులో రెడ్డి హాస్టల్ లాంటివి మొదలయ్యాక అన్నం, వసతి ఒకరి దయ కాకుండా ఒక సంస్థ ఏర్పాటుగా మారాయి. ప్రధానంగా ఒకే కులం వాళ్ల కోసమన్నది దాని పరిమితి. కానీ గడప గడపకూ తిరిగే అవస్థ తప్పింది.

ముడి ఎక్కడ పడుతుంది

ఇప్పటి ఫౌండేషన్ల వార్షిక సభ ఒకటి గుర్తు తెచ్చుకోండి. వేదిక, వెనక ఫ్లెక్సీ, తలుపంత చెక్కు, దాత చేతులమీదుగా అందజేత. ఒక విద్యార్థిని మైకు ముందు నిలబెట్టి కన్నీళ్లతో మాట్లాడిస్తారు. నాన్న తాగుతాడని, అమ్మ కూలికి పోతుందని ఆ పిల్ల వందమంది ముందు చెప్పాలి. దాతలకది గుండె కరిగే దృశ్యం. ఆ పిల్లకు మాత్రం తన కష్టం ఒక సంస్థ ప్రచార సామగ్రి అయిన రోజు. మర్నాడు అదే సంస్థ నుంచి మెంటర్ ఫోన్ చేసి "నాతో ఏదైనా చెప్పుకోవచ్చమ్మా" అంటే ఎలా చెప్తుంది?

రెండో ముడి రెన్యువల్ షరతు. స్కాలర్‌షిప్ కొనసాగాలంటే ఇంత సీజీపీఏ (మార్కుల సగటు) ఉండాలి, బ్యాక్‌లాగులు (పాసవ్వాల్సిన పాత సబ్జెక్టులు) ఉండకూడదు అని చాలా సంస్థలు రాసుకుంటాయి. దాతల డబ్బు వృథా కాకూడదన్న ఆలోచన తప్పు కాదు. కానీ ఆ షరతును అమలుచేసే పని, పిల్లల క్షేమం అడిగే పని ఒకే మనిషికి అప్పగిస్తే రెండూ చెడతాయి. మెంటర్ నెలవారీ రిపోర్టు రాస్తాడని విద్యార్థికి తెలిసిన క్షణమే ఆ ఫోన్ కాల్ వైవా అయిపోతుంది.

దీనికి పెద్ద తెలివితేటలేమీ అక్కర్లేదు. మార్కుల మెమో విద్యార్థి నేరుగా పోర్టల్లో పెట్టేస్తుంది, రెన్యువల్ నిర్ణయం ఆఫీసు చేసుకుంటుంది. మెంటర్ తనకు తెలిసింది ఆఫీసుకు చెప్పడు. కలిశామా లేదా అన్నది తప్ప ఏం మాట్లాడుకున్నామన్నది రాయడు. ఈ మాట మొదటి రోజే, తెలుగులో, విద్యార్థికి చెప్పాలి. దీనికి ఒక్కటే మినహాయింపు: పిల్ల ప్రాణానికో, భద్రతకో ముప్పుంటే మెంటర్ నోరు మూసుకోకూడదు. ఇంటర్ పిల్లలు మైనర్లు. వాళ్లపై లైంగిక వేధింపు జరిగిందని తెలిస్తే పిల్లలను లైంగిక నేరాల నుంచి కాపాడే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పడం ఎవరికైనా బాధ్యతే. ఈ మినహాయింపూ మొదటి రోజే చెప్పాలి, లేకపోతే నమ్మించి మోసం చేసినట్టవుతుంది.

మొదటి బ్యాక్‌లాగుకే స్కాలర్‌షిప్ ఆపే నిబంధన ఉంటే పై ఏర్పాట్లేవీ పనిచేయవు. తెలుగు మీడియం నుంచి వచ్చిన పిల్లలకు ఫస్టియర్‌లో ఒకటో రెండో సబ్జెక్టులు పోవడం మామూలు. సప్లీలో కట్టేసుకుంటారు. ఒక ఏడాది గడువివ్వని ఫౌండేషన్ నిజానికి పేద విద్యార్థుల్లో అప్పటికే ఇంగ్లీషు వచ్చినవాళ్లను ఏరుకుంటోంది.

మూడో ముడి అన్నిటికన్నా కఠినం. స్కాలర్‌షిప్ డబ్బులో పదివేలు పిల్ల ఇంటికి పంపేసింది. మిర్చి వేసి నష్టపోయిన తండ్రి మూడు రూపాయల వడ్డీకి తెచ్చిన అప్పు వాకిట్లో కూర్చుని ఉంది. ఇది దుర్వినియోగమా? ఫౌండేషన్ లెక్కల ప్రకారం అవును. ఆ పిల్లనడిగితే, ఇంట్లో గొడవ జరుగుతుంటే హాస్టల్లో కూర్చుని చదవడం కుదరలేదు, పదివేలు పంపాక కుదిరింది అంటుంది. అదీ చదువు ఖర్చే కదా అని కూడా అనొచ్చు. ప్రతి రూపాయికీ బిల్లు అడిగే సంస్థకు జిరాక్స్ షాపులో తయారైన బిల్లులే అందుతాయి. నా మటుకు నాకు కాలేజీ ఫీజు నేరుగా కాలేజీకి కట్టేసి, మిగతాది విద్యార్థి చేతికిచ్చి, దేనికి వాడావని అడక్కపోవడమే మేలనిపిస్తుంది. మెస్ బిల్లుకు లేకుండా మొత్తం పంపేస్తే అప్పుడు మెంటర్‌కు పనుంటుంది. పిల్లతో కాదు, అవసరమైతే తండ్రితో. "అన్నా, అప్పు సంగతి నాకు తెలుసు. కానీ ఈ పదివేలు పోతే రేపు అమ్మాయికి హాల్‌టికెట్ ఇవ్వరు" అని ఊళ్లోకెళ్లి, మంచం మీద కూర్చుని చెప్పగలిగే మనిషి కావాలి. జూమ్ కాల్‌లో అయ్యే పని కాదది.

ఎవరు మెంటర్లు

ఫౌండేషన్లు రకరకాలుగా ప్రయత్నించాయి. 1994లో ప్రభు గోయెల్, పూనమ్ గోయెల్ దంపతులు అమెరికాలో మొదలుపెట్టిన ఫౌండేషన్ ఫర్ ఎక్సలెన్స్ ఇక్కడ ఇంజనీరింగ్, మెడిసిన్ చదివే పిల్లలకు సాయం చేస్తుంది. దాతకూ విద్యార్థికీ నడుమ ఫెసిలిటేటర్లనే వాలంటీర్లను ముందునుంచీ పెట్టుకుంది. 1999లో కుమారి శిబూలాల్, ఎస్.డి. శిబూలాల్ దంపతులు ప్రారంభించిన సరోజినీ దామోదరన్ ఫౌండేషన్ విద్యాధన్ పథకం కేరళలో పుట్టి తెలుగు రాష్ట్రాలకూ వచ్చింది. అది పదో తరగతి అవగానే పిల్లల్ని ఎంచుకుంటుంది, అంటే చేయి పట్టుకోవడం ఇంటర్‌తోనే మొదలవుతుంది. తెలుగువాళ్లకు బాగా తెలిసిన ఇంకో దారి, 1989లో రత్నం చిట్టూరి స్థాపించిన నార్త్ సౌత్ ఫౌండేషన్‌ది: అమెరికాలో భారతీయ పిల్లలకు స్పెల్లింగ్ పోటీల్లాంటివి పెట్టి, వచ్చిన డబ్బుతో ఇక్కడి పేద విద్యార్థులకు స్కాలర్‌షిప్‌లు ఇవ్వడం.

అదే 1989లో న్యూయార్క్‌లో డెబోరా బియల్ మొదలుపెట్టిన పాసీ ఫౌండేషన్ ఆలోచన నాకు ఎక్కువ నచ్చుతుంది. తన జట్టు తనతో ఉండుంటే కాలేజీ మానేసేవాణ్ణి కానని ఒక కుర్రాడన్న మాటలోంచి పుట్టిందది. పదిమంది పిల్లల్ని ముందే ఒక జట్టుగా చేసి, కొన్ని నెలలు కలిపి తయారుచేసి, అందరినీ ఒకే కాలేజీకి పంపుతారు. మనకిది సులువుగా పనికొస్తుంది. ఒక జిల్లా నుంచి వచ్చిన అయిదుగురు అమ్మాయిలు ఒకే హాస్టల్లో ఉంటే, ఒకరికి జ్వరమొస్తే ఇంకొకరు రికార్డు రాసిపెడతారు. మెంటర్ నెలకోసారి చేసే ఫోను అంత పని చేయలేదు.

ఇక మెంటర్ల రకాలు. కంపెనీ ఉద్యోగులు సీఎస్‌ఆర్ (కంపెనీల సామాజిక బాధ్యత) కింద వస్తారు. 2013 కంపెనీల చట్టంలోని 135వ సెక్షన్ వల్ల పెద్ద కంపెనీలు సగటు లాభంలో 2 శాతం ఇలాంటి పనులకు ఖర్చుపెట్టాలి కాబట్టి, డబ్బుతోపాటు ఉద్యోగుల వాలంటీర్ గంటలూ వస్తున్నాయి. ఉత్సాహంగా మొదలుపెడతారు, ప్రాజెక్టు రిలీజ్ వస్తే మాయమైపోతారు. ఇది చిన్న తప్పు కాదు. అమెరికాలో జీన్ గ్రాస్‌మన్, జీన్ రోడ్స్ 2002లో ప్రచురించిన అధ్యయనంలో ఏడాది పైన నిలిచిన మెంటరింగ్ వల్ల పిల్లలకు ఎక్కువ మేలు జరిగిందని, మూడు నెలల్లోపే తెగిపోయినచోట పిల్లల్లో తమ మీద తమకున్న విలువ ఇంకా తగ్గిందని తేలింది. అంటే సగంలో వదిలేసే మెంటర్ కన్నా అసలు మెంటర్ లేకపోవడమే నయం. రెండేళ్లు ఉండలేనివాళ్లకు ఒక్క పూట రెజ్యూమే వర్క్‌షాపో, మాక్ ఇంటర్వ్యూనో అప్పగించాలి. అది గౌరవమైన పనే, అందులో ఎవరి మనసూ విరగదు.

ఎన్నారై మెంటర్ల ఇబ్బంది వేరు. డాలస్‌లో ఆదివారం ఉదయం తీరిక దొరికితే ఇక్కడ రాత్రి, హాస్టల్ గదిలో ఆరుగురు, వీడియో ఆన్ చేయమంటే వెనక తాడు మీద ఆరేసిన బట్టలు. పిల్ల "నెట్ లేదు సార్" అంటుంది. అందరూ వినే గదిలో ఏ కష్టమూ చెప్పుకోలేదు. పైగా ఇరవై ఏళ్ల కింద తాను నడిచిన దారినే పట్టించాలన్న తపన ఒకటి: జీఆర్‌ఈ రాయి, కోడింగ్ నేర్చుకో, సివిల్ బ్రాంచి ఎందుకు తీసుకున్నావ్. ఆ పిల్లకు ఊళ్లో పంచాయతీరాజ్ ఏఈ (అసిస్టెంట్ ఇంజనీర్) ఉద్యోగం కావాలి. అది చిన్న కల అని ఎవరన్నారు?

నా లెక్కలో అందరికన్నా పనికొచ్చేది మూడు నాలుగేళ్లు ముందు నడిచిన సీనియర్. వాళ్లకు ఏ ఆల్‌ఇన్‌వన్ గైడు కొనాలో తెలుసు, ఏ లెక్చరర్ ఇంటర్నల్స్ ఎలా వేస్తాడో తెలుసు, ఏ బ్యాంకు కౌంటర్లో ఆధార్ పని త్వరగా అవుతుందో తెలుసు. పిలుపు కూడా మారిపోతుంది. "సార్" అని మొదలైన సంభాషణకూ "అక్కా" అని మొదలైన దానికీ నడుమ చాలా దూరముంది.

ఫోన్లో ఏం మాట్లాడాలి

"ఎలా చదువుతున్నావు" అన్న ప్రశ్నకు "బాగానే" తప్ప వేరే జవాబుండదు. కాబట్టి ఆ ప్రశ్న మానేయాలి. నిన్న ల్యాబ్‌లో ఏం చేయించారు? మిడ్స్ ఏ తారీకు నుంచి? ఆదివారం మెస్‌లో చికెన్ వేస్తున్నారా? క్లాసులో నీ పక్కన ఎవరు కూర్చుంటారు? ఆఖరు ప్రశ్నకు జవాబు రాకపోతే ఆ పిల్ల ఒంటరిగా ఉందని అర్థం. ఏ మార్కుల మెమో చెప్పని సంగతది. మెంటర్ తన సంగతి ముందు చెప్పడం ఇంకా బాగా పనిచేస్తుంది. "నాకు ఎం-వన్ రెండుసార్లు పోయింది తెలుసా" అన్న ఒక్క మాటతో అవతల గొంతు మారుతుంది.

ప్రతి నెలా ఒకే కొలతగా ఫోన్ చేయడంలో అర్థం లేదు. చేరిన మొదటి ఆరు వారాలు వారానికోసారి చేయాలి. ఫస్ట్ మిడ్ మార్కులొచ్చిన రోజున, సెమిస్టర్ ఫలితాల రాత్రి తప్పకుండా చేయాలి. సెకండియర్‌లో నెలకోసారి చాలు. మూడో ఏడు చివర్లో ప్లేస్‌మెంట్ల భయం మొదలైనప్పుడు మళ్లీ దగ్గరకు రావాలి. అమ్మాయిల విషయంలో ఇంకో సమయం కూడా ఉంటుంది: సంక్రాంతికి ఇంటికెళ్లి వచ్చాక. పెళ్లి సంబంధాల ప్రస్తావన వచ్చేది ఆ సెలవుల్లోనే.

మెంటర్ చేయకూడని పని కూడా ఒకటి చెప్పాలి. నిద్ర పట్టట్లేదు, తినబుద్ధి కావట్లేదు, బతకాలనిపించట్లేదు అని పిల్ల అంటే ధైర్యవచనాలతో సరిపెట్టకూడదు. ఉచితంగా, తెలుగులోనూ మాట్లాడే మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ నంబరు 14416 ఉంది. ఆ నంబరు ఇచ్చి ఊరుకోకుండా, పక్కన ఎవరున్నారో కనుక్కుని, ఆ రాత్రి ఒంటరిగా ఉండకుండా చూడాలి.

ఇదంతా బాగానే ఉంది గానీ ఎందుకు జరగట్లేదు? మెంటరింగ్ అంటే మనుషుల సమయం. లెక్కల పుస్తకంలో అది జీతాలు, ప్రయాణాలు, శిక్షణ అన్న పేర్లతో కనిపిస్తుంది. "నేనిచ్చిన ప్రతి రూపాయీ పిల్లలకే చేరాలి" అనే దాతకు ఆ పద్దులు దండగగా తోస్తాయి. విదేశీ విరాళాలు తీసుకునే సంస్థలు పరిపాలనా ఖర్చు 20 శాతం దాటకూడదని 2020లో ఎఫ్‌సీఆర్‌ఏ (విదేశీ విరాళాల నియంత్రణ చట్టం) సవరణ వచ్చింది, అంతకుముందు 50 శాతం దాకా వీలుండేది. ఏ ఖర్చు పరిపాలన కిందకొస్తుంది, ఏది రాదు అని ఆడిటర్‌తో తేల్చుకోవడం కన్నా ఇంకో పాతికమందికి చెక్కులివ్వడమే సులువు. వంద పేర్లున్న బ్రోచర్ కన్నా నూట పాతిక పేర్లున్న బ్రోచర్ అందంగా ఉంటుంది కూడా. నాలుగేళ్ల తర్వాత ఆ నూట పాతికలో డిగ్రీ పట్టా చేతికొచ్చినవాళ్లెందరని అడిగే దాతలు అరుదు.

చదువయ్యాక జరిగేదాని మీద కూడా ఫిర్యాదులుంటాయి. ఉద్యోగం వచ్చాక ఫోన్ ఎత్తరు, ఇంకో విద్యార్థికి సాయం చేయమంటే జవాబివ్వరు, కృతజ్ఞత లేదు అంటారు. మొదటి జీతం ఇంటి రేకులకూ చెల్లెలి ఫీజుకూ ఆ మూడు రూపాయల వడ్డీకీ పోతోందన్న సంగతి ఫిర్యాదు చేసేవాళ్లకు తట్టదు. రెండు మూడేళ్లు ఆగితే కొందరు వస్తారు, అందరూ కాదు. డబ్బు తేలేనివాళ్లు తమ ఆదివారాలు తెస్తారు. వాళ్లకు ఏ శిక్షణా ఇవ్వనక్కర్లేదు. అవతలి నుంచి జూనియర్ "బాగానే చదువుతున్నా అక్కా" అనగానే, ఇవతలి అక్క ఒక్క క్షణం ఆగి అడుగుతుంది: "ఎన్ని పోయాయే?"